కుడిచెయ్యి ఎత్తితే ఆపాలి

ఆ గదిలో మంచం నిజం, మంచం పక్కన బల్ల నిజం, సెలైన్ స్టాండు నిజం. రోగి ఒక్కడే అబద్ధం. డాక్టర్లు, నర్సులు, మందులు చూసేవాళ్ళు, కాళ్ళూ చేతులూ ఆడించేవాళ్ళు అందరూ కలిసి ఒక ముసలి ప్రాణాన్ని ఎలా చూసుకోవాలో నేర్పడానికి ఆసుపత్రివాళ్ళు, విరిగిన కుర్చీలు పడేసిన పాత ఎక్స్‌రే గదికి సున్నం కొట్టించి తయారుచేసిన శిక్షణ గది అది. ఒక గోడ నిండా అద్దం. లోపలున్నవాళ్ళకి అందులో తమ మొహాలే కనిపిస్తాయి. అద్దం వెనక చిన్న గదిలో కూర్చున్నవాళ్ళకి మాత్రం లోపల జరిగేదంతా కనిపిస్తుంది, స్పీకర్లోంచి వినిపిస్తుంది కూడా.

ఈ శిక్షణ పెట్టించింది సిస్టరమ్మ. వార్డుల్లోనే జుట్టు నెరిసిన మనిషి. గుండె డాక్టరొచ్చి నీళ్ళు తగ్గించమంటాడు, కిడ్నీ డాక్టరొచ్చి నీళ్ళు బాగా తాగమంటాడు, మంచంమీది ముసలమ్మ ఎవరి మాట వినాలో తెలియక గ్లాసు చేత్తో పట్టుకుని గుటకలు మింగుతుంది. ఇలాంటివి చూసీ చూసీ ఆమెకి ఒళ్ళు మండిపోయింది. పదిమందిలో పాము చావదని ఊరికే అన్నారా? ఎవరికి వాళ్ళే గొప్పవాళ్ళు, రోగి మాత్రం నట్టేట్లో. అందుకని సూపరింటెండెంటుగారి గది గుమ్మం అరిగేలా తిరిగి, ఈ గది సాధించింది.

గదికి ఆమె పెట్టిన నియమాలు ఎక్కువేం కాదు. ఏది కంటపడినా పైకి అనాలి. అన్నది ఆయా అయినా పెద్ద డాక్టరైనా చేతిలో పని ఆపి వినాలి. అద్దం వెనకున్నవాళ్ళు లోపల జరిగేదాంట్లో వేలు పెట్టకూడదు. ఇది సూపరింటెండెంటుగారి కోసం పెట్టింది. మొదట్లో ఆయన మైకు లాక్కుని, లోపలున్న పిల్లల్ని హడలగొట్టేసేవాడు. ఇక చివరిది, రోగి వేషం వేసినాయనకి నిజంగా ఒంట్లో బాగోకపోతే కుడిచెయ్యి పైకెత్తాలి. ఎత్తగానే అంతా ఆపెయ్యాలి.

రోగి వేషం కట్టేది ఆవిడ మేనమామే. రేడియోలు బాగుచేసే కొట్టు నడిపాడు ఒకప్పుడు. దాంతోపాటు నాటకాల పిచ్చి. రాజు వేషం కోసం జీవితమంతా ఎదురుచూసి సేనాపతి దగ్గరే ఆగిపోయాడు. అత్తయ్య పోయాక మేనకోడలి ఇంటికి వచ్చేశాడు. "ఊరికే కూచుంటే తుప్పట్టిపోతానే అమ్మాయ్, నాకేదన్నా వేషం ఇప్పించు," అని ప్రాణం తీస్తే ఈ పని చెప్పింది. ఆయనకి పండగే అయిపోయింది. దగ్గమంటే ఊపిరితిత్తులు బయటికొచ్చేలా దగ్గుతాడు. నడుం నొప్పంటే మూడు వార్డులకి వినపడేలా మూలుగుతాడు. "మావయ్యా, కాస్త తగ్గించు," అని ఆమె నెత్తీ నోరూ కొట్టుకునేది. తగ్గించడం ఆయన చేతకాదు.

ఆ రోజు పైఆఫీసు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఆయనకి నచ్చితే ఈ శిక్షణ అన్ని ఆసుపత్రుల్లోనూ పెడతారు. నచ్చకపోతే ఈ గది మళ్ళీ విరిగిన కుర్చీల పాలు. సిస్టరమ్మకి తెల్లవారకముందే మెలకువ వచ్చింది. బయల్దేరేముందు మావయ్య గుమ్మంలో నిలబడి చొక్కా బొత్తాలతో కుస్తీ పడుతున్నాడు.

"వేళ్ళు మొద్దుబారాయే. చెయ్యి కిందేసుకు పడుకున్నట్టున్నాను."

"ఇవాళే దొరికిందా నీకు? ఇలా రా," అని ఆమె గబగబా బొత్తాలు పెట్టేసి, చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించింది. అదే మాట వార్డులో వేరే ముసలాయన అని ఉంటే, ఆ చేతిని నాలుగురకాలుగా పరీక్షచేసి గాని వదిలేది కాదు. మనవాళ్ళ దగ్గరికొచ్చేసరికి మన చదువు ఎందుకో గుమ్మం బయటే చెప్పులతోపాటు ఆగిపోతుంది.

పెద్దమనిషి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఇప్పుడు లోపల నలుగురు ఉన్నారు. ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్ర డాక్టరు, మితభాషి అయిన నర్సమ్మాయి, కళ్ళజోడు ఫార్మసిస్టావిడ, కాళ్ళూ చేతులూ ఆడించే పొడుగాటి ఫిజియో. మంచంమీద మావయ్య. కిందపడి, మతి తప్పినట్టు మాట్లాడే ముసలాయన వేషం ఆయనది. ఒకరికి తెలియకుండా ఒకరు రాసిన మాత్రలన్నీ కలిసి ఆయన్ని అలా చేశాయన్నది నలుగురూ మాట్లాడుకుంటే తప్ప తేలదు. అదీ పరీక్ష.

"తాతగారూ, ఇవాళ ఏం వారం?" అని డాక్టరు అడిగాడు.

మావయ్య మామూలుగా అయితే "నీ పెళ్ళివారం నాయనా" అంటాడు. ఇవాళ "మ్... మం..." అని ఆగిపోయాడు. పెదవి ఒకవైపుకి జారినట్టయింది. డాక్టరు మెచ్చుకోలుగా తల ఊపాడు.

ఫార్మసిస్టావిడ మాత్రల సీసా చూపించింది. "ఇది ఎందుకు వేసుకుంటున్నారండీ?" ఆయన సీసా వంక చూశాడు గాని ఏమీ అనలేదు. ప్రతిసారీ ఒక్కో మాత్రకి ఒక్కో కథ అల్లే మనిషి. ఆవిడ నొసలు ముడిపడింది. ఏదో అనబోయి, డాక్టరు వంక చూసి ఊరుకుంది. నర్సమ్మాయి దిండు సర్దుతూ, చేతికి తడి తగిలి ఆగింది. గలీబు మార్చింది. ఆమె కూడా ఏమీ అనలేదు.

అద్దం వెనక పెద్దమనిషి సిస్టరమ్మని ప్రశ్నలతో ఊపిరాడనివ్వడం లేదు. ఎంతమందికి నేర్పారు, ఏం మారింది, డాక్టర్లు ఒప్పుకుంటున్నారా. ఆమె ఒక కన్ను ఆయనమీదా ఒక కన్ను అద్దంమీదా పెట్టి జవాబులు చెబుతోంది. మావయ్య కళ్ళజోడు ముక్కు కొసకి జారింది. ఆయన దాన్ని తోసుకోలేదు. ఆమెకి మనసులో ఏదో చిన్నగా గుచ్చుకుంది. ఈలోగా పెద్దమనిషి మళ్ళీ ఏదో అడిగాడు.

"తాతగారూ, రెండు చేతులూ ఒకసారి పైకెత్తండి," అన్నాడు ఫిజియో.

ఎడమచెయ్యి లేచింది. కుడిచెయ్యి దుప్పటి మీద అలాగే ఉంది.

"రెండోది కూడా."

లేవలేదు. ఫిజియో కుర్ర డాక్టరు వంక అనుమానంగా చూశాడు. డాక్టరు నవ్వేశాడు. "కుడిచెయ్యి ఎత్తితే ఆట ఆగిపోతుంది కదా బ్రదర్! తాతగారు గడుసువారు, మనకి దొరుకుతారా?"

లోపల నలుగురూ నవ్వారు. అద్దం వెనక సూపరింటెండెంటుగారు పొట్ట పట్టుకుని నవ్వాడు. సిస్టరమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుని తర్వాత ఆమె ఎన్నిసార్లు చెంపలు వేసుకుందో లెక్కలేదు.

మావయ్య ఎడమచెయ్యి మెల్లగా కిందికి దిగి కుడి మణికట్టుని పట్టుకుంది. దాన్ని ఎత్తింది. అది కాస్త లేచి, జారి పడిపోయింది. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ ఎత్తింది.

"అబ్బబ్బ, ఏం నటన!" పెద్దమనిషి తొడ చరిచి చప్పట్లు కొట్టాడు. "ఎక్కడ పట్టారండీ ఈయన్ని?"

సిస్టరమ్మ చటుక్కున అద్దం వైపు తిరిగింది. నటనా? మావయ్యకి అతి తప్ప ఇంకోటి రాదు. మూలుగు లేకుండా, కళ్ళు తిప్పకుండా, ఇంత తక్కువలో నటించడం ఆయన ఏడు జన్మలెత్తినా నేర్చుకోలేడు. మనిషి అద్దం వైపే చూస్తున్నాడు. ఆ చూపులో ఉన్నది భయం.

ఆమె లేచిన విసురుకి కుర్చీ వెనక్కి పడింది.

"సిస్టర్! నియమం మీరే పెట్టారు, మీరే..." సూపరింటెండెంటుగారి మాట వెనకే ఉండిపోయింది. ఆమె తలుపు తోసుకుని లోపలికొచ్చింది.

"ఆపండి! వేషం కాదిది! పక్షవాతం!"

రెప్పపాటు ఎవరికీ కాళ్ళు ఆడలేదు. తర్వాత అందరూ ఒక్కసారిగా కదిలారు. నర్సమ్మాయి ఆయన్ని పక్కకి తిప్పి నోరు తుడిచి, వేలికి సూది గుచ్చి షుగరు చూసి, "షుగరు బాగానే ఉంది!" అని గట్టిగా చెప్పింది. ఆ అమ్మాయి గొంతు అంత పెద్దదని ఎవరికీ తెలియదు. డాక్టరు ఫోనులో అత్యవసర విభాగానికి చెబుతూనే నాడి పట్టుకున్నాడు. ఫిజియో మంచం చక్రాల బిగింపు కాలితో తన్ని ఊడదీశాడు. మంచం మంచంగానే వరండాలోకి పరుగెత్తింది.

ఫార్మసిస్టావిడ సిస్టరమ్మ పక్కనే పరుగెత్తుతూ అడిగింది. "ఈయన నిజంగా వేసుకునే మందులేంటండీ?"

"బీపీ మాత్ర. అదొక్కటే."

స్కాను తీశారు. మెదడులో రక్తస్రావం లేదు, రక్తనాళానికి గడ్డ అడ్డుపడింది. మెదడు డాక్టరమ్మ వచ్చింది. సన్నగా, చురుగ్గా ఉంది. మొహమాటం అన్నది ఆవిడ ఇంటా వంటా లేదు. మంచానికి వేలాడుతున్న కేసుషీటు తీసి కళ్ళు పరిగెత్తించి, పెదవి విరిచింది.

"రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాడుగా. ఇంక గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇవ్వడానికి లేదు."

"అది కథండీ!" ఫార్మసిస్టావిడ ఆ షీటుని ఆవిడ చేతిలోంచి లాగేసింది. డాక్టర్ల చేతుల్లోంచి కాగితాలు లాక్కోవడం ఆవిడ జన్మలో అదే మొదటిసారి అయుంటుంది. "పరీక్ష కోసం రాసింది. ఈయనకి బీపీ మాత్ర తప్ప ఏమీ లేవు!"

డాక్టరమ్మ ఆవిడ వంక ఒకసారి చూసి తల ఊపింది. "సరే. ఎప్పుడు మొదలైంది? ఆఖరిసారి ఈయన పూర్తిగా బాగున్నది ఎప్పుడు? అది చెప్పండి. మొదలైన కొద్ది గంటల్లోపలైతేనే ఈ ఇంజెక్షన్. దాటాక ఇస్తే మెదడులో రక్తం కారి మనిషే పోవచ్చు."

అందరూ సిస్టరమ్మ వంక చూశారు. అప్పటికి సూపరింటెండెంటుగారూ పెద్దమనిషీ కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

ఆమె డాక్టరమ్మ చేతిలోని మందు సీసా వంక చూసింది. శిక్షణలో ఉండగానే వచ్చిందంటే చాలు. ఇంజెక్షన్ పడుతుంది. గది నిలుస్తుంది. పొద్దున్న బొత్తాల సంగతి ఆమెకీ మావయ్యకీ తప్ప మూడో కంటికి తెలియదు, మావయ్యకి మాటే లేదు. చెబితే? పక్షవాతం పొద్దున్నే మొదలైందని తేలితే గడువు దాటిపోయినట్టే. ఆ ఒక్క మందూ ఆయనకి దక్కదు. పొద్దున్నే చెయ్యి మొద్దుబారిన ముసలాయన్ని, సొంత మేనమామని, నర్సు అయుండి వేషానికి ఈడ్చుకొచ్చిందని లోకమంతా నవ్వుతుంది. చెప్పకపోతే? నిజంగా అది పొద్దుటిదే అయితే, ఆ సూదిమందే ఆయన్ని చంపుతుంది. కంటపడింది పైకి అనండర్రా అని ఊరందరికీ చెప్పి, తన వంతు వచ్చేసరికి ఈ గుంజాటన! కోడలికి బుద్ధిచెప్పి అత్త తెడ్డు నాకిందట.

"పొద్దున్న," అంది. "ఇంట్లో చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోయాడు. కుడిచేతి వేళ్ళు మొద్దుబారాయన్నాడు. నేనే... పట్టించుకోలేదు. ఇక్కడికి తీసుకొచ్చేశాను."

సూపరింటెండెంటుగారు నొసలు కొట్టుకున్నాడు. డాక్టరమ్మ చేతిలో మందు సీసాని తిరిగి ట్రేలో పెట్టేసింది.

"పొద్దున్నంటే గడువు దాటిపోయింది. నేనివ్వలేను." వెంటనే తల ఎత్తి మళ్ళీ అడిగింది. "మధ్యలో తగ్గిందా? పూర్తిగా, మామూలు మనిషయ్యేంతగా తగ్గి మళ్ళీ వచ్చిందంటే లెక్క కొత్తగా మొదలవుతుంది. తగ్గిందా?"

"నాకు తెలీదు," అంది సిస్టరమ్మ. నిజంగానే తెలియదు. ఆసుపత్రికి వచ్చిన దగ్గర్నుంచి పెద్దమనిషి కుర్చీకి దిండు దొరికిందా, మైకు పలుకుతోందా అని తిరిగింది గాని, మావయ్య మొహంలోకి మళ్ళీ చూడలేదు.

"నాకు తెలుసు," అంది ఫార్మసిస్టావిడ. "లోపలికెళ్ళేముందు నా నీళ్ళసీసా మూత రాలేదండీ. ఈయనే తీసిపెట్టాడు. రేడియోలు విప్పిన చెయ్యమ్మా ఇది, అన్నాడు."

"ఏ చేత్తో?"

ఆవిడ కళ్ళు మూసుకుని, గాల్లో సీసా పట్టుకుని తిప్పి చూసుకుంది. "కుడిచేత్తో."

"నేను చేతికి పేరు పట్టీ కడుతుంటే పద్యం పాడాడు," అంది నర్సమ్మాయి. "పూర్తిగా పాడాడు. ఒక్క మాట తడబడలేదు. బాగుందన్నానని మళ్ళీ పాడాడు."

ఫిజియో ముందుకొచ్చాడు. "మంచం ఎక్కిస్తానంటే ఒప్పుకోలేదండీ. కుడిచెయ్యి మంచంమీద ఆనించి తనే ఎక్కాడు. ఎక్కి నాతో చెయ్యి కలిపాడు. ఇదే చెయ్యి. నా వేళ్ళు నలిగిపోయాయి." అంటూ తన చెయ్యి తనే నొక్కి చూపించాడు.

"మరి మళ్ళీ ఎప్పుడొచ్చింది?"

కుర్ర డాక్టరు తల దించుకున్నాడు. "మొదటి ప్రశ్నకే మూతి జారింది మేడమ్. చూశాను. బాగా చేస్తున్నాడనుకున్నాను. చెయ్యి ఎత్తనప్పుడు అనుమానం వచ్చిన ఫిజియో నోరు కూడా నేనే నవ్వి మూయించాను."

"దిండు తడిసింది ఆ తర్వాతే," అంది నర్సమ్మాయి. "నీళ్ళు పోసుకున్నాడనుకున్నా."

డాక్టరమ్మ ఒక్కొక్కరి మొహంలోకీ చూసింది. ఏ ఒక్కరి దగ్గరా పూర్తి సంగతి లేదు. తలా ఒక ముక్క తెచ్చి పెడితే ఇప్పుడు అతికింది. ఆవిడ ట్రేలోంచి మందు సీసా మళ్ళీ తీసింది.

"ఇస్తున్నాను. ప్రమాదం ఉంది, తెలుసుగా? మీ సంతకం కావాలి."

సిస్టరమ్మ సంతకం పెట్టింది. మందు సన్నటి గొట్టంలోంచి దిగడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత చెయ్యడానికి ఎవరికీ పని లేదు. అయినా ఒక్కరూ కదల్లేదు. నర్సమ్మాయి మాటిమాటికీ బీపీ చూస్తోంది. ఒకసారి అంకె సర్రున పెరిగింది, డాక్టరమ్మ మొహం బిగుసుకుంది, మందేదో వేశారు, మెల్లగా దిగింది. మావయ్య ఒకసారి వాంతి చేసుకోబోయాడు. రక్తస్రావమేమోనని అందరికీ పైప్రాణాలు పైనే పోయాయి. మళ్ళీ స్కానుకి తీసుకెళ్ళారు. అదృష్టం, ఏమీ లేదు. సిస్టరమ్మ గోడకి ఆనుకుని, తెలిసిన దేవుళ్ళనీ తెలియని దేవుళ్ళనీ తిట్టుకుంటూ మొక్కుకుంటూ నిలబడింది.

పైఆఫీసు పెద్దమనిషి ఆమె పక్కకి వచ్చాడు. ఏదో అధికారపు మాట అంటాడనుకుంది. ఆయన చేతులు రెండూ జేబుల్లో దాచుకుని, "నేను చప్పట్లు కొట్టానండీ," అన్నాడు. వెంటనే బయటికి వెళ్ళిపోయాడు.

మావయ్య బతికాడు. చెయ్యి మర్నాటికి దుప్పటి మీద పాకింది, కొన్నాళ్ళకి గ్లాసు పట్టుకుంది. మాటే మొండికేసింది. వాగుడుకాయ అని పేరుపడ్డ మనిషికి మంచినీళ్ళు అడగడానికి కూడా మాట వెతుక్కోవాల్సిన గతి పట్టింది. దొరక్క, విసుగొచ్చి, మొహం గోడకి తిప్పుకునేవాడు. అది చూసి సిస్టరమ్మ ఉండబట్టలేకపోయేది. ఆయన సగంలో ఆగగానే మిగతా సగం తనే అందించేసేది.

"అందించకండి," అన్నాడు ఫిజియో. "మాటలు నేర్పే ఆవిడ చెప్పారు. ఎంతసేపైనా ఆగాలిట. ఆయన్నే వెతుక్కోనివ్వాలిట."

ఆ సాయంత్రం నలుగురూ డ్యూటీ దిగి వచ్చారు. ఎవరికి దొరికిన స్టూలు వాళ్ళు లాక్కుని మంచం చుట్టూ కూర్చున్నారు. కుర్ర డాక్టరు స్టూలు దొరక్క బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు. మావయ్య అది చూసి మూతి ఒకవైపుకి సాగదీసి నవ్వాడు. తర్వాత సిస్టరమ్మ వైపు తిరిగాడు. ఏదో చెప్పాలని ఉంది ఆయనకి. పెదవులు కదిలాయి.

"ఆ... రోజు..."

అందరూ ఆగారు. సిస్టరమ్మ నాలిక చివరికి వచ్చిన మాటలన్నీ పళ్ళ మధ్య బిగపట్టింది.

"ఆ రోజు... నాకు... చెయ్యి... రాలేదు." ఆయన నుదుట చెమట పట్టింది. ఎవరూ తుడవలేదు, ఎవరూ అందించలేదు. "అయినా... భయ... భయపడలేదే... అమ్మాయ్."

చాలాసేపు ఆగాడు. ఆ మిగతా ముక్క ఎక్కడో లోతులోంచి తవ్వి తీసుకొచ్చాడు.

"నువ్వు... వెనకాల... చూస్తున్నావు... కదా... అని."

సిస్టరమ్మ ఆయన కళ్ళలోకి చూడలేకపోయింది. భయపడలేదని ఆయన అబద్ధమాడుతున్నాడు. ఆ రోజు అద్దంలోంచి ఆ భయాన్ని ఆమె కళ్ళారా చూసింది. చూసేముందు నవ్వింది కూడా.

"చూస్తూనే ఉన్నాను మావయ్యా," అంది. అని, ఆ నలుగురి ముందూ దుప్పట్లో మొహం పెట్టుకుని భోరున ఏడ్చింది.